బ్రౌన్ ఏల్‌కు మార్కులు వేయాలంటే ముందు చల్లదనం తగ్గనివ్వండి

బ్రౌన్ ఏల్ అంటే గోధుమరంగు బీరు. ఆ సీసా చేతికి రాగానే మా చిత్తూరులో చాలామంది దాన్ని ఫ్రీజర్‌లో పడేస్తారు. గంట తర్వాత పళ్ళు జివ్వుమనేలా ఒక గుక్క తాగి, "ఏముంది ఇందులో, నీళ్ళలా ఉంది" అని తేల్చేస్తారు. ఎవరో చిన్న బట్టీలో ఓపిగ్గా కాచిన బీరుకు ఇలా అన్యాయం జరగడం చూసీ చూసీ విసిగిపోయి ఇది రాస్తున్నాను.

మీకు 21 ఏళ్ళు నిండి ఉండాలి. సీసా లైసెన్సున్న షాపులో బిల్లుతో కొన్నదై ఉండాలి. బెంగళూరు నుంచి తేవాలనుకుంటే ముందు ఎక్సైజ్ నిబంధనలు కనుక్కోండి. తిరుపతి వాళ్ళు కారులో సీసా పెట్టుకుని అలిపిరి దాటొద్దు, కొండ మీద మద్యం నిషేధం.

కావాల్సినవి కొన్నే. మూతి కొంచెం లోపలికి వంగిన గాజు గ్లాసు, మంచినీళ్ళు, ఉప్పూ కారం లేని బొరుగులు, పాలకు వాడే థర్మామీటర్, కాగితం, పెన్ను. స్టీలు గ్లాసు పనికిరాదు, అందులో రంగు కనబడదు. గ్లాసును సబ్బు వాసన పోయేదాకా కడిగి బోర్లించండి. రుచి చూసే ముందు రెండు గంటలు ఊరగాయ, బజ్జీ, కాఫీ ముట్టకండి. వేయించిన చెనిక్కాయలు పక్కన పెట్టుకోవడం మనకు అలవాటే గానీ ఆ రోజు వద్దు. బ్రౌన్ ఏల్‌లో మనం వెతికే వాసనల్లో అదొకటి. అది నోట్లో ముందే ఉంటే గ్లాసులో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

గ్లాసును కాస్త వంచి 150 మిల్లీలీటర్లు పోయండి, చివర్లో నిటారుగా పెడితే రెండు వేళ్ళ నురుగు వస్తుంది. వెలుతురుకు ఎత్తి చూడండి. తేనె ముదిరిన రంగు నుంచి డికాక్షన్ రంగు దాకా ఏదైనా ఉండొచ్చు. రంగు చూసి మార్కులు గుమ్మరించకండి, దానికి దక్కేవి చాలా తక్కువ.

ఇక అసలు సంగతి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు.

బ్రౌన్ ఏల్ రుచి 10 నుంచి 13 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు 4, 5 డిగ్రీలు ఉంటుంది. ఆ చలికి వాసనలు పైకి లేవవు, నాలుకకు తీపి సరిగా అందదు, గ్యాస్ కొరుకుడూ చేదూ మాత్రమే ముందుకొస్తాయి. మామూలుగా దొరికే లేతరంగు లాగర్ బీరుకైతే అది సరిపోతుంది. బ్రౌన్ ఏల్ ప్రాణం మాల్ట్‌లో ఉంది. మాల్ట్ అంటే మనకు కొత్త కాదు, రాగి మాల్ట్‌లోని మాల్టే: మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం. ఇక్కడ అది బార్లీ. అందులో కొంత భాగాన్ని బాగా వేయిస్తారు, ఆ రంగూ రుచీ అక్కడినుంచే వస్తాయి. చలిలో అదంతా ముడుచుకుని కూర్చుంటుంది.

"అయితే బయట పెట్టేస్తే పోలా" అంటారు. మన ఊళ్ళో అదే ప్రమాదం. బ్రౌన్ ఏల్ పుట్టిన ఇంగ్లండులో గ్లాసు బల్లమీద పెట్టి కబుర్లు చెప్పుకున్నా ఫరవాలేదు. మే నెలలో మా ఇంట్లో పోసిన గ్లాసు ఏడెనిమిది నిమిషాల్లో 10 దాటుతుంది, ఇంకాసేపటికి 16 కూడా దాటేస్తుంది. అప్పుడు గ్యాస్ పోయి, తీపి జిగటగా తేలి, ఆల్కహాల్ ఘాటు ముక్కుకు కొడుతుంది. అందుకే ఫోన్ పక్కన పడేసి గ్లాసు దగ్గరే కూర్చోండి. ఫ్యాను గాలి నేరుగా తగలకూడదు, వాసనను ఎత్తుకుపోతుంది. ఫ్రీజర్ జోలికి అసలు పోవద్దు, ఐసు ముక్క వేస్తే ఆ గ్లాసు లెక్కలోంచి తీసేయండి.

పోయగానే ఒకసారి, 10 దగ్గర ఒకసారి, 13 దగ్గర ఒకసారి వాసన చూడండి. చిన్నచిన్నగా రెండు మూడు సార్లు పీల్చి ఆపాలి, ఒకటే పనిగా పీలిస్తే ముక్కు మొద్దుబారుతుంది. మా బావమరిది మొదటి గుక్కకే 50కి 22 వేశాడు. గ్లాసు అక్కడే ఉంచమన్నాను. గ్లాసు మీద చెమట పట్టి, బొట్లు కిందికి జారి, బల్లమీద వలయం కట్టింది. మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్క నిమిషం మాట్లాడలేదు. "బావా, చెరకు రసం కాగి పాకానికొచ్చే వాసన" అన్నాడు. అదే గ్లాసుకు 36 వేశాడు.

ఆ మాటే కాగితం మీద రాయాలి. హేజెల్‌నట్ అనే విదేశీ గింజను ఎన్నడూ తిననివాళ్ళు హేజెల్‌నట్ అని రాయడం నాకు నచ్చదు. బెల్లం పాకం, మాడీ మాడని రొట్టె అంచు, వేయించిన రాగిపిండి, డికాక్షన్ అడుగు: మన ముక్కుకు తెలిసిన పేర్లు ఇన్ని ఉన్నాయి. తప్పులకూ పేర్లున్నాయి. వెన్న వాసన గట్టిగా కొడితే పులియబెట్టడం సరిగా పూర్తికాలేదని అనుమానించాలి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలి పాతబడినట్టు.

తాగేటప్పుడు గుక్కను నాలుకంతా తిప్పి మింగండి. మింగాక చేదు ఎంతసేపు నిలుస్తుందో గమనించండి. బ్రౌన్ ఏల్‌లో చేదు తీపిని మోయాలి గానీ తొక్కేయకూడదు. గుక్కకూ గుక్కకూ మధ్య నీళ్ళు, నాలుగు బొరుగులు.

మార్కులకు అమెరికాలోని బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ వాళ్ళ 50 మార్కుల పద్ధతి వాడండి: వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తంగా ఎలా ఉందనేదానికి 10. ఐదు నక్షత్రాల లెక్కలో ఎక్కడ తగ్గిందో తెలియదు, అందుకే అది వద్దంటాను. 13 డిగ్రీల దగ్గర తాగిన గుక్కకే అంకె వేయాలి. నలుగురు కూర్చుంటే ఎవరి కాగితం వాళ్ళు మడిచి పెట్టాకే నోరు విప్పాలి, ముందే ఒకరు "బెల్లం" అన్నారంటే మిగతా ముగ్గురికీ బెల్లమే తగులుతుంది. ఒక పూటకు మూడు రకాలు మించవద్దు, తాగినవాళ్ళెవరూ బండి తీయవద్దు.