పాత ఆడి టీటీకి రీమ్యాప్: ముందు గొట్టాలు చూసుకోండి

ఇక్కడ యూకేలో నాది 2003 నాటి ఆడి టీటీ. 1.8 లీటర్ల టర్బో ఇంజిన్, కొత్తలో 180 హార్స్‌పవర్. రీమ్యాప్‌కి, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించి పవర్ పెంచుకోవడానికి తీసుకెళ్తే, ట్యూనర్ ముందు ఓబీడీ పోర్టుకి (బండి కంప్యూటర్‌ని చదివే సాకెట్) కేబుల్ పెట్టి రీడింగులు తీశాడు. ఫుల్ థ్రాటిల్‌లో కూడా గాలి సెకనుకు 120 గ్రాములు దాటడం లేదు. ఈ ఇంజిన్‌కి 140 దాకా రావాలి. ఇలాంటి బండికి మ్యాప్ వేయడం డబ్బు దండగ అన్నాడు.

స్మోక్ టెస్ట్‌లో (గొట్టాల్లోకి పొగ పంపి లీకు వెతకడం) దొంగ దొరికింది. ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకి వెళ్లే రబ్బరు గొట్టం అడుగున చీలిక. పైనుంచి అసలు కనపడదు, వేలితో తడిమితే నూనె జిగట తగిలింది. గాలిని కొలిచే సెన్సర్ దాటాక గాలి దొంగచాటుగా, లెక్కకి రాకుండా దూరుతోందన్నమాట. ఇరవై ఏళ్ల రబ్బరు మరి!

సిలికాన్ గొట్టం, కొత్త ప్లగ్గులు వేశాక రీడింగు దారిలో పడింది. అప్పుడు మ్యాప్: టర్బో బూస్ట్, ఇగ్నిషన్ టైమింగ్, టార్క్ పరిమితి మూడూ మార్చారు. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద 208 హార్స్‌పవర్ వచ్చింది. నాకైతే ఆ అంకె కన్నా 2,500 ఆర్‌పీఎం నుంచి వచ్చే లాగుడే నచ్చింది. పైన 5,500 దాటితే చిన్న టర్బో కదా, ఊపిరి చాలదు.

పెట్రోల్ ఇప్పుడు 99 ఆక్టేన్‌దే పోయిస్తున్నాను. ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పేశాను, ప్రీమియం కాస్త పెరిగింది.