క్లయింట్ కాల్ టెన్షన్‌కి వేయించిన శనగలు: నా అనుభవం

రుషికొండ ఐటీ హిల్ మీద నా ఉద్యోగం. క్లయింట్ కాల్ అంటే చాలు, గుండె దడ, అరచేతుల్లో చెమట, గోళ్లన్నీ నోట్లోనే. ఇప్పుడు అవతలివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ మైక్ మ్యూట్‌లో పెట్టి, వేయించిన శనగలు ఒక్కొక్కటే పొట్టుతో సహా నోట్లో వేసుకుని, పిండయ్యేదాకా రెండు దవడలతోనూ నములుతున్నా. గొంతు వణకడం బాగా తగ్గింది.

2004లో జపాన్ పరిశోధకులు ఎలుకలను కదలకుండా కట్టేసి, కొన్నిటికి కొరకడానికి చెక్కపుల్ల ఇచ్చారు. కొరికిన వాటి మెదడులో, హైపోథాలమస్ అనే భాగంలో, సీఆర్‌ఎఫ్ అనే హార్మోన్ తక్కువ కనిపించింది. ఈ సీఆర్‌ఎఫే పిట్యూటరీ గ్రంథిని తట్టిలేపి, అక్కణ్ణుంచి అడ్రినల్ గ్రంథులకు కబురు పంపించి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ని విడుదల చేయిస్తుంది. అవి కొరికింది ఒత్తిడిలో ఉన్నప్పుడే, అందుకే నేనూ కాల్ నడుస్తుండగానే నములుతా. మనుషుల మీద చూయింగ్ గమ్‌తో చేసిన ప్రయోగాల ఫలితాలు మాత్రం ఒకేలా లేవు, కాబట్టి ఇది మందని చెప్పను.

గట్టిగా ఉండేదే తీసుకోండి. ఆర్కే బీచ్ మురీ మిక్చర్ (మరమరాలది) నాకెంత ఇష్టమైనా అందులో నమలడానికేం ఉంటుంది! గమ్ అయితే చక్కెర లేనిది. నిద్రలో పళ్లు కొరికేవాళ్లు, పొద్దున్నే దవడ నొప్పితో లేచేవాళ్లు ముందు పళ్ల డాక్టర్‌కి చూపించుకోండి.