గో (Go) ప్రోగ్రామింగ్ భాషలో ఫైల్ రాసే కోడ్‌కి ముందు జాగ్రత్తలు

ఫైల్ చదవడానికే తెరుస్తుంటే డిఫర్‌తో (defer, ఫంక్షన్ ముగిసేటప్పుడు ఆ పని జరిగేలా చేసేది) క్లోజ్ చేస్తే చాలు, టెన్షన్ అక్కర్లేదు.

రాసే ఫైల్ దగ్గరే అసలు జాగ్రత్త కావాలి. రైట్ ఎర్రర్ ఇవ్వలేదంటే డేటా డిస్క్‌కి చేరిపోయిందని కాదు. నెట్‌వర్క్ డ్రైవ్‌లో కోటా (మనకి కేటాయించిన చోటు) నిండిన సంగతి ఒక్కోసారి క్లోజ్ దగ్గరే బయటపడుతుంది. ఉత్త డిఫర్ ఆ ఎర్రర్‌ని మింగేస్తుంది, యూజర్‌కి మాత్రం ‘సేవ్ అయింది’ అని కనిపిస్తుంది. ఇది చాలా అన్యాయం.

• రిటర్న్ అయ్యే ఎర్రర్‌కి పేరు పెట్టండి. డిఫర్ లోపలి ఫంక్షన్‌లో క్లోజ్ ఎర్రర్‌ని దానికి చేర్చండి. ముందున్న ఎర్రర్‌ని చెరిపేయకండి, గో 1.20 వెర్షన్ నుంచి ఉన్న ఎర్రర్స్.జాయిన్ (errors.Join) రెండిటినీ కలిపి ఉంచుతుంది.
• బఫియో (bufio, రాసేదాన్ని ముందు మెమరీలో పోగుచేసే ప్యాకేజీ) వాడితే ముందు ఫ్లష్ (పోగైనదాన్ని ఫైల్‌కి పంపడం), తర్వాతే క్లోజ్. ఫ్లష్ ఎర్రర్ కూడా చూడాలి.
• కరెంటు పోయినా డేటా నిలవాలంటే సింక్ (Sync, రాసినదాన్ని డిస్క్‌కి చేర్పించే ఫంక్షన్) తప్పదు.
• కొత్త ఫైల్ క్లోజ్ సక్సెస్ అయ్యేదాకా పాత ఫైల్‌ని డిలీట్ చేయకండి.