రెండు భిన్నాల్లో ఏది పెద్దదో తేల్చడం ఎలా?

అంగుళాల కొలతలున్న పాత పానాల సెట్టులో ఒకదాని మీద 9/16 అని, మరోదాని మీద 5/8 అని ఉంటుంది. నట్టుకు 9/16 పానా పట్టడం లేదు, కాస్త ఇరుకు. కొంచెం పెద్దది కావాలి. ఐదూ ఎనిమిదీ చిన్న సంఖ్యలే కదా అని 5/8ని పక్కన పెట్టేస్తే దెబ్బ తిన్నట్టే. 5/8 అంటే 10/16. కావలసిన పానా అదే!

కింద ఉండే హారం ఒక వస్తువును ఎన్ని సమాన ముక్కలు చేశామో చెబుతుంది, పైన ఉండే లవం వాటిలో ఎన్ని తీసుకున్నామో చెబుతుంది. రెండింటినీ కలిపి చూడకపోవడం వల్లే ఇలాంటి పొరపాట్లు జరుగుతాయి. కాబట్టి కలం పట్టే ముందు కాసేపు భిన్నాల వంక చూడండి.

మొదట, హారాలూ లవాలూ చూడండి. హారాలు ఒకటే అయితే పని అయిపోయినట్టే: 5/11 కంటే 7/11 పెద్దది. లవాలు ఒకటే అయితే మాత్రం పిల్లలు తడబడతారు. 3/5, 3/8లలో చాలామంది 3/8 వైపు వేలు చూపిస్తారు. ఒకే దోసెను ఐదుగురికి పంచితే వచ్చే ముక్క పెద్దదా, ఎనిమిది మందికి పంచితే వచ్చేది పెద్దదా అని అడిగి చూడండి, వెంటనే దిద్దుకుంటారు. మన పాత లెక్కల్లో వీసం అంటే 1/16. నాలుగు కంటే పదహారు పెద్దది కదా అని పావు వదులుకుని వీసం పుచ్చుకునేవారు ఎవరుంటారు?

తర్వాత, సగంతో పోల్చండి. 3/7, 5/9 తీసుకుందాం. ఏడులో సగం మూడున్నర, కాబట్టి 3/7 సగానికి తక్కువ. తొమ్మిదిలో సగం నాలుగున్నర, కాబట్టి 5/9 సగానికి ఎక్కువ. గుణకారం అక్కర్లేదు.

రెండూ ఒకటికి దగ్గరగా ఉంటే లోటు చూడండి. 7/8కి ఒకటి కావడానికి 1/8 తక్కువ, 8/9కి 1/9 తక్కువ. 1/9 చిన్న లోటు, కాబట్టి 8/9 పెద్దది. నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి ఇదే. బడిలో దీన్ని ఎందుకు గట్టిగా చెప్పరో తెలియదు.

ఇవేవీ పనిచేయకపోతే హారాలను సమానం చేయండి. 5/6, 7/9 చూద్దాం. 6, 9ల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే రెండూ శేషం లేకుండా భాగించే అతి చిన్న సంఖ్య) 18. మొదటి భిన్నాన్ని పైనా కిందా 3తో గుణిస్తే 15/18, రెండోదాన్ని 2తో గుణిస్తే 14/18. 5/6 పెద్దదని తేలింది.

అడ్డ గుణకారం దీనికి అడ్డదారి. 5ను 9తో గుణించి వచ్చిన 45ను 5/6 పైన రాయండి. 7ను 6తో గుణించి వచ్చిన 42ను 7/9 పైన రాయండి. ఏ లవంతో గుణించామో ఆ భిన్నం పైనే లబ్ధం ఉండాలి. తారుమారైతే జవాబూ తారుమారవుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు. రెండింటికీ 54 హారంగా పెట్టుకుని 45/54, 42/54 అని రాయకుండా లవాలను మాత్రమే రాశాం, అంతే.

మూడో భిన్నంగా 3/4 కూడా వచ్చిందనుకోండి. జతజతగా అడ్డ గుణకారం చేయడం విసుగు. క.సా.గు. 36 తీసుకుంటే 30/36, 28/36, 27/36 అని వరస ఒక్కసారే కనిపిస్తుంది.

మిశ్రమ భిన్నాలైతే ముందు పూర్ణాంకాలు చూడండి. రెండుంబావు కంటే మూడుంబావు పెద్దదని చెప్పడానికి పావుతో పనేముంది? రుణ భిన్నాల్లో మాత్రం వరస తిరగబడుతుంది: −5/6 కంటే −7/9 పెద్దది.