తెల్లాపూర్‌లో ఫ్లాట్ కోసం బ్రోకర్‌ను ఎలా ఎంచుకున్నానంటే

మొదటిసారి, మా బావమరిది పరిచయం చేసిన మనిషికి టోకెన్ కింద యాభై వేలు ఇచ్చాను. అవి వెనక్కి రాబట్టుకోవడానికి నాలుగు నెలలు తిరిగాను. రసీదు తీసుకోలేదు మరి. అందుకే రెండోసారి తెల్లాపూర్‌లో వెతికేటప్పుడు ముందుగా అడిగింది ఒక్కటే: "మీ రెరా నంబర్ చెప్పండి." రెరా అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ.

2016 రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం, రెరాలో నమోదైన ప్రాజెక్టులో ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటుకు సొంత రిజిస్ట్రేషన్ ఉండాలి. కొందరు బిల్డర్ నంబరే చూపించి సరిపెడతారు. అది ప్రాజెక్టుది, ఏజెంటుది వేరు. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో రెండూ విడివిడిగా వెతకండి. పేరు, గడువు సరిచూడండి.

"ప్రీ-లాంచ్ రేటు సార్" అన్నారా, లేచి వచ్చేయండి. నమోదు కావాల్సిన ప్రాజెక్టును నమోదుకు ముందే అమ్మడం చట్టవిరుద్ధం. ఇంకోటి, అమ్మకం ఒప్పందం రిజిస్టర్ చేయకుండా బిల్డర్ పది శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. మంచి ఏజెంటయితే ఈ మాట తనే చెబుతాడు.

పాత ఫ్లాట్ రీసేల్ అయితే ఏజెంటు నంబర్ ఒక్కటే చాలదు. ఈసీ (ఆ ఫ్లాట్ మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) మీరే తీసుకోండి.

కమిషన్ ఎంతో, ఎప్పుడివ్వాలో వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. ఒకాయన ఆ మెసేజ్ పెట్టడానికే మూడు రోజులు నాన్చాడు. మళ్లీ ఆయనకు ఫోన్ చేయలేదు.