చిత్తూరు ఎండల్లో సిగార్

సిగార్ చుట్టిన పైఆకు నల్లగా ఉంటే ఘాటెక్కువని చాలామంది అనుకుంటారు గానీ, ఘాటును నిర్ణయించేది ముఖ్యంగా లోపలి ఆకు. కొనేటప్పుడు వేళ్లతో మెల్లగా నొక్కి చూడండి. కాస్త అణిగి మళ్లీ లేస్తే మంచిది, ఎండుటాకులా చిటపటమంటే వదిలేయండి. పొగను లోపలికి పీల్చకుండా, నిమిషానికొక దమ్ము చొప్పున నోట్లోనే ఉంచి వదలాలి. అలా చేసినా నోటి క్యాన్సర్ ముప్పు తప్పదు.

అసలు చిక్కంతా నిల్వతోనే. సిగార్‌కు 65 నుంచి 70 శాతం తేమ, 20 డిగ్రీల చుట్టూ వేడి కావాలి. 24 దాటితే ఆకులోని గుడ్లు పగిలి పురుగులు బయటికొచ్చే ప్రమాదం ఉంది కాబట్టి, మే నెలలో మన చిత్తూరు ఇళ్లలో బీరువా పనికిరాదు. ఫ్రిజ్ ఆకును ఎండబెడుతుంది. గాలి చొరబడని డబ్బాలో తేమను నిలిపి ఉంచే ప్యాకెట్ వేసి, ఏసీ గదిలో ఉంచాలి. తిరుమల వెళ్తుంటే మాత్రం, అక్కడ పొగాకు నిషిద్ధం. అలిపిరి తనిఖీలో దొరక్కుండా, సిగార్లను ఇంట్లోనే పెట్టేసి బయలుదేరండి.