మెదడుకు విద్యుత్తు పంపితే సృజన పెరుగుతుందన్న వార్తను ఎలా చదవాలి

ఉప్పునీటిలో తడిపిన స్పాంజిల్లో ఎలక్ట్రోడ్లు పెట్టి, వాటిని తలకు పట్టీతో బిగించి, కోతా మత్తూ ఏమీ లేకుండా 1 నుంచి 2 మిల్లీ యాంపియర్ల విద్యుత్తును సుమారు 20 నిమిషాలు పంపే పద్ధతిని టీడీసీఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ డైరెక్ట్ కరెంట్ స్టిమ్యులేషన్) అంటారు. దీనితో సృజనాత్మకత పెరుగుతుందని చెప్పే వార్త గానీ ప్రకటన గానీ కంటబడితే, అది పనిచేస్తుందా లేదా అన్న సందేహాన్ని కాసేపు పక్కన పెట్టి, ముందుగా ఏ పని మీద పరీక్షించారో చూడండి. "సృజన" అనే పెద్ద మాట వెనుక చాలాసార్లు ఒక చిన్న చిక్కుప్రశ్న మాత్రమే ఉంటుంది.

ఈ ప్రయోగాల్లో బాగా పేరుపడినది 2011లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ చి, అలన్ స్నైడర్ చేసినది. అగ్గిపుల్లలతో రోమన్ అంకెల్లో ఒక తప్పు లెక్క పేర్చి, ఒకే పుల్లను కదిపి దాన్ని సరిచేయమంటారు. ఉదాహరణకు "మూడు సమానం మూడు కూడిక మూడు" అని పేర్చి ఉందనుకోండి. అందరి చూపూ అంకెల మీదికే పోతుంది. కదపవలసినది మాత్రం కూడిక గుర్తులోని నిలువు పుల్ల. దాన్ని అడ్డంగా పెడితే కూడిక కాస్తా సమానం గుర్తై, "మూడు సమానం మూడు సమానం మూడు" అవుతుంది. అంతకుముందు అంకెలు మార్చి సాధించే లెక్కలనే వరసగా చేయించి, ఆ అలవాటును స్థిరపరచిన తరువాత ఇలాంటి చిక్కు ఇచ్చారు. విద్యుత్తు అందినట్టు భ్రమ మాత్రమే కలిగించిన బృందంలో 20 శాతం మంది సాధించగా, కణతల లోపలి భాగంలో ఎడమవైపు చురుకును తగ్గించి, కుడివైపు పెంచిన బృందంలో దానికి మూడు రెట్ల మంది సాధించారు. పాల్గొన్నవారు మొత్తం 60 మందే, అదీ మూడు బృందాలుగా; కాబట్టి శాతాలను మనుషుల లెక్కలోకి మార్చి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

తరువాత చూడవలసినది ఆ భ్రమను ఎలా కల్పించారన్నది. చర్మం మీద చిమచిమ సాధారణంగా మొదటి క్షణాల్లోనే ఎక్కువగా తెలుస్తుంది కాబట్టి, విద్యుత్తును అర నిమిషం పాటు ఇచ్చి, చడీచప్పుడు లేకుండా ఆపేస్తారు. పట్టీ మాత్రం తలకు అలాగే ఉంటుంది. ఇలాంటి పోలిక లేని ప్రయోగాన్ని నేనైతే అక్కడితో చదవడం ఆపేస్తాను.

ఇటుకతో ఏమేం చేయవచ్చో చెప్పమనే తరహా పరీక్ష వాడి ఉంటే, మార్కులు ఎలా వేశారో కూడా చూడండి. ఎన్ని ఉపయోగాలు చెప్పారన్నది ఒక లెక్క, అవి ఎంత అరుదన్నది మరొక లెక్క. మూడు ఇటుకలు పేర్చి పొయ్యి చేస్తామన్న జవాబు మన ఊళ్లలో ఎవరికైనా తోచేదే గానీ, వేరే దేశంలో కొత్త ఊహ కిందికి రావచ్చు.

లాభం చూపిన చోట నష్టాన్ని కొలిచారా అన్నది చాలామంది అడగరు. ఆక్స్‌ఫర్డ్‌లో తెరెసా ఇయుకులానో, రాయ్ కోహెన్ కదోష్ 2013లో ప్రచురించిన ప్రయోగంలో, కొత్త అంకెల గుర్తులు నేర్పుతూ మెదడులో ఒక చోట విద్యుత్ ప్రేరణ ఇస్తే నేర్చుకోవడం వేగవంతమైంది గానీ, నేర్చినది అప్రయత్నంగా స్ఫురించడం దెబ్బతిన్నది. వేరొక చోట ఇస్తే ఫలితం తారుమారైంది.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో స్కిజోఫ్రెనియా రోగుల భ్రాంతులకు ఈ పద్ధతిని వాడుతున్నారు కదా అనే వాదన వినిపించవచ్చు. వైద్యుల పర్యవేక్షణలో జబ్బుకు చేసే చికిత్స వేరు, ఆరోగ్యవంతులు కొత్త ఆలోచనల కోసం ఇంట్లో బ్యాటరీ తగిలించుకోవడం వేరు. ఆ రెండో పని చేయవద్దు. 2016లో 39 మంది పరిశోధకులు సంతకాలు చేసి ప్రచురించిన బహిరంగ లేఖలో ఇంటి ప్రయోగాల ప్రమాదాల గురించి హెచ్చరించారు.

ప్రయోగశాలలో వాలంటీరుగా పాల్గొనదలిస్తే, మూర్ఛలు వచ్చాయా, తలలో లోహపు ముక్క గానీ ఒంట్లో పేస్‌మేకర్ గానీ ఉందా, గర్భవతులా, ఏ మందులు వాడుతున్నారు అన్నవి దాచకుండా చెప్పండి. తలపై గాయమో, పుండో ఉంటే ఆ రోజుకు మానుకోండి. స్పాంజి ఒక మూల ఆరిపోయినా విద్యుత్తు మిగిలిన చోటనే గుమిగూడి చర్మం కాలవచ్చు. కొద్దిపాటి దురద మామూలే గానీ, మంటగా అనిపిస్తే ఓర్చుకుని కూర్చోకుండా వెంటనే ఆపమనండి.